కోడిపెట్టె

1997, మే 4

పంపుసెట్ల కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ గల్లాపెట్టె కింద ఊరికే పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపి రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఇంట్లో నా మాట పూర్తిగా వినేవాళ్ళు లేరు. మా ఆవిడ పద్మ వింటుంది గానీ మధ్యలో మాట్లాడుతుంది. డైరీకి ఆ జబ్బు లేదు.

నేను మా అమ్మాయి లహరికి అన్యాయం చేశానట. జరిగింది రాస్తాను, అన్యాయం ఎక్కడుందో చూద్దాం.

మార్చి ఆఖర్లో బరంపురం డీలరు సాహు బాబు శాంపిల్‌గా ఒక వీడియో గేమ్ పంపాడు. టీవీకి తగిలించుకుని ఆడేది. నల్లటి పెట్టె, దానికి రెండు వైర్లు, వైర్ల చివర బొత్తాలున్న రిమోట్లు. పైన అట్ట మీద కోడిపుంజు బొమ్మ. రాయగడ బజారులో ఫ్యాన్లూ మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ అమ్ముకునే నా దగ్గర దీన్నెవరు కొంటారని ఇంట్లో పడేశాను. లహరికి సెలవులు. పన్నెండేళ్ళ పిల్ల, పట్టుకుంది. ఆటలో ఒక పుంజు పరిగెడుతుంది, వెనకాల ఒక కోడిపిల్ల. ఇద్దరు ఆడాలి. పిల్ల వెనకబడితే పుంజు ఆగాలి, లేకపోతే తెర జరగదు. ఇద్దరూ కలిసి దాటితేనే వంతెన దాటినట్టు. లహరి పుంజు, నేను పిల్ల. షాపు కట్టేసి వచ్చి స్నానం కూడా చేయకుండా కూర్చునేవాణ్ణి. పద్మ అరిచేది. అయిదు వంతెనలు దాటాం. ఆరో వంతెన కింద నక్క ఉంటుంది. దాని దగ్గర ఆగాం.

అప్పుడు సూర్యం గారు ఇంటికొచ్చారు. జేకేపూర్ కాగితం మిల్లులో ఆఫీసరు. మిల్లు కాలనీలో ఎవరికి ఫ్యాను కావలసినా ఆయన నా పేరే చెబుతారు. గేమ్ చూసి, "ఇదేటో బాగుంది సన్యాసిరావూ, మా నానిగాడి పుట్టినరోజు రేపే" అన్నారు. అంతకన్నా ఏమీ అనలేదు. అంత పెద్దమనిషి అంతకన్నా అనాలా? వైర్లు ఊడదీసి సంచిలో పెట్టి ఇచ్చాను. లహరి స్నానం చేసి వచ్చేసరికి టీవీ ఖాళీగా ఉంది.

"ఒచ్చే సరుకులో మొదటిది నీదే అమ్మి" అన్నాను.

"ఎప్పుడొస్తాది?"

"ఇదిగో, ఈ వారంలో."

వస్తువు వస్తుంది, ఇస్తాను. అన్యాయం ఎక్కడుంది?

మే 11

రెండు వచ్చాయి. ఒకటి బ్యాంకు మేనేజరు పట్టుకుపోయాడు. రెండోదాని కోసం కకిరిగుమ్మ స్టేషన్ మాస్టరు పనిగట్టుకుని రైలెక్కి వచ్చాడు. అంత దూరం వచ్చిన మనిషిని వట్టి చేతుల్తో పంపడం నా వల్ల కాదు. తరవాతి సరుకులో మొదటిది లహరిదే.

మే 13

పద్మ సంతలో ఆవకాయకి కాయలు కొంది. ఇక్కడి కొండవాళ్ళు పదుల్లో లెక్కపెట్టరు, ఇరవైల్లో పెడతారు. ఇరవైని కోడి అంటారు. ఒడియావాళ్ళూ అంతే. మూడు కోడిలంటే అరవై కాయలు. బొబ్బిలి నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో పద్మకి ఇది తెలీదు. సంతలో ఒక ముసలమ్మ కాయలకి "దుయి కోడి" అంటే, రెండు ఇరవైలని తెలీక, "మాకు కోళ్ళొద్దమ్మా, కాయలే కావాల" అని చెప్పి వచ్చేసింది. ఏటా ఆవకాయ పెట్టే రోజున చుట్టాల ముందు ఈ కథ చెబుతాను. ఇవాళా చెప్పాను. నవ్వేవాళ్ళు తగ్గిపోతున్నారు.

మే 30

మిల్లు కాలనీలో దీనికి కోడిపెట్టె అని పేరు పెట్టారు. ఏ ఇంట చూసినా అదే మాట. షాపుకి వచ్చి ఇస్త్రీపెట్టె చూస్తున్నట్టు నటించి, "కోడిపెట్టె ఎప్పుడొస్తాదండీ" అంటున్నారు. ఇవాళ ఒకావిడ కోడిపెట్ట అనే అంది. సరిచేయలేదు. కొనేవాళ్ళని సరిచేయకూడదు.

మూడు వచ్చాయి. మూడూ పోయాయి. పోయినవి ఎవరికి పోయాయో రాయను, అందరూ కావలసినవాళ్ళే.

జూన్ 9

అసలు తప్పంతా కంపెనీది. ఇది రాసి పెట్టుకుంటున్నాను.

జనం డబ్బు చేత్తో పట్టుకుని నిలబడితే వస్తువు చేయకపోవడం ఏం వ్యాపారం? కొండ మీద అనాసపళ్ళు పండించేవాడు చదువుకోలేదు. పండగ ముందు సంతకి జనం ఎక్కువొస్తారంటే వాడు కూడా ఇంకో గంప ఎత్తుకొస్తాడు. ఢిల్లీలో సూటూ బూటూ వేసుకున్నవాడికి ఆ మాత్రం తెలీదా? ఇరవై అడిగితే రెండు, ముప్ఫై అడిగితే మూడు. పైగా ప్రతిసారీ సాహు బాబు, "కంపెనీ తయారుచేయడం లేదు బాబూ, నేనేం చేయను" అంటాడు. ఒక్కటి ఎక్కువ చేసి ఉంటే చాలు, ఆ ఒక్కటీ లహరిది. నా పిల్లకి నా మీద కోపం రావడానికి కారణం ఎక్కడో ఢిల్లీలో ఉంది. ఆ పెద్దమనిషికి పిల్లలున్నారో లేరో.

ఇదే పద్మకి చెప్పాను. వంకాయలు తరుగుతూ వింది. తరవాత, "ఆయనకి తెలివుంది" అంది.

"ఏటి తెలివి?"

"కిందటేడు మీరు కూలర్లు తెచ్చినారు గదా. ఆయన అలగ సేయటం నేదు."

కూలర్ల మాట ఈ ఇంట్లో ఎత్తకూడదని అనుకున్నాం. నేను అనుకున్నాను. కిందటి వేసవి మండిపోతుందని ముప్ఫై కూలర్లు తెప్పించాను. మే రెండో వారంలో వానలు మొదలై ఆగలేదు. అమ్ముడుపోని ఇరవై రెండూ వెనక గదిలో వరసగా ఉన్నాయి. పద్మ వాటి తలుపులు తీసి ఒకదాంట్లో చింతపండు, ఒకదాంట్లో దుప్పట్లు, ఒకదాంట్లో ఇత్తడి సామాను పెట్టుకుంది. కొత్త బీరువా అడగడం మానేసింది. ఆ లెక్కన చూస్తే కూలర్లు నష్టమేమీ కాదు.

"ఆయన కూడా వందలూ వేలూ సేసీసి, ఎవులూ కొనకపోతే ఏటవుతాది? ఆయన పెళ్ళాం ఆటిల్లో సింతపండు దాసుకోవాల" అంది పద్మ.

ఆడవాళ్ళకి వ్యాపారం తెలీదు.

జూన్ 23

బడి తెరిచారు. లహరి నాతో మాట్లాడటం మానేసింది. "అమ్మా, నాన్నకి అన్నం కావాలేమో అడుగు" అంటుంది, నేను పక్కపీట మీద ఉండగానే. నేను కూడా, "పద్మా, అమ్మిని మజ్జిగ ఇటు జరపమను" అంటున్నాను. పద్మకి చెయ్యీ నోరూ ఖాళీ లేదు.

నాలుగు రోజుల్లో కోపం అదే పోతుంది.

జూన్ 28

పోలేదు.

జూలై 6

రథయాత్ర. బజారంతా జనం. సాహు బాబు మళ్ళీ నాలుగు పంపాడు. తెరిచి చూద్దును కదా, అట్ట మీద పుంజు లేదు, ఏరోప్లేను ఉంది. లోపల ఆట కూడా ఏరోప్లేనుదే. కాలనీ నుంచి ఎదురుచూస్తున్న అయిదుగురికీ చూపించాను. అయిదుగురూ, "కోడిది కాదా" అని మొహం అటు తిప్పుకున్నారు. వాళ్ళలో మిల్లు ఫోర్‌మన్ మల్లేశు, "ఇమానం నాకెందుకు రావుగారూ, నాను బస్సే ఎక్కను" అన్నాడు.

సరే, ఇదైనా ఇద్దామని లహరి ముందు పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి తోసేసింది.

"ఇందులో పిల్ల నేదు. ఒక్కలే ఆడాల" అని వాళ్ళమ్మతో చెప్పింది.

జూలై 8

బరంపురం ఫోన్ చేశాను. ఈసారి పొరపాటు జరగడానికి వీల్లేదని ఒడియాలోనే మాట్లాడాను. నా ఒడియాని సాహు బాబు ఎప్పుడూ మెచ్చుకుంటాడు. ఏరోప్లేనువి వద్దు, కోడివి అయిదు పంపమన్నాను.

"పాంచొ కోడి పఠాంతు" అన్నాను.

"పాంచొ కోడి?" అన్నాడు.

"హఁ, పాంచొ కోడి."

"ఏతే?" అన్నాడు. అంటే, ఇన్ని కావాలా అని. అయిదంటేనే వాడి గుండె ఆగిపోయింది. ఇంత పిసినారితనం ఉంటే ఎలా? నాకు ఒళ్ళు మండింది. ఒక్కటి కూడా తగ్గడానికి వీల్లేదన్నాను. మూడోసారి కూడా గట్టిగా పాంచొ కోడి అని చెప్పి పెట్టేశాను. వ్యాపారంలో అప్పుడప్పుడు గొంతు పెంచాలి.

ఎదురుచూసేవాళ్ళు అయిదుగురు. నాలుగు వాళ్ళకి, ఒకటి లహరికి. అయిదో మనిషికి ఏదో చెప్పుకుంటాను.

జూలై 17

లారీ వచ్చింది. సంత రోజు, మిట్టమధ్యాహ్నం, బజారు నిండా జనం. మా షాపు ముందు అయిదు పెద్ద అట్టపెట్టెలు దింపారు, ఒక్కోటి ఇద్దరు మోసేంత. ఒక్కో పెట్టెలో ఒక్కో గేమ్ పెట్టి జాగ్రత్తగా పంపాడనుకున్నాను. సాహు బాబు మీద అభిమానం కూడా కలిగింది.

మొదటిది కోశాను. లోపల ఇరవై.

రెండోది కోయలేదు. మెట్టు మీద కూర్చున్నాను. మల్లేశే మిగిలినవి కోసి గట్టిగా లెక్కపెట్టాడు. బజారంతా విన్నది. వంద.

అయిదు కోడిలు.

ఫోన్ చేస్తే సాహు బాబు చాలా సంతోషంగా ఉన్నాడు. మీరు మూడుసార్లు చెప్పారు కదా అని కంపెనీ వాళ్ళని బతిమాలి, కటక్ డీలరు వాటా కూడా లాక్కొచ్చి పంపానన్నాడు. ఒరిస్సా మొత్తానికి వచ్చినవి అవేనట. వెనక్కి తీసుకునే పద్ధతి లేదట. కోడిపుంజుని ఒడియాలో కుకుడా అంటారు. నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.

ఇంటికొచ్చేసరికి కబురు నాకంటే ముందే చేరింది. పద్మ గుమ్మంలో నిలబడి ఉంది. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"ఇదేటండీ, మాకు కోళ్ళొద్దమ్మా, కాయలే కావాలని సెప్పీసి రావాల్సింది" అంది.

జూలై 18

ఏటా ఆవకాయ రోజున చెప్పే కథ ఇక చెప్పను.

జూలై 24

ఒక్కటీ అమ్ముడుపోలేదు. నిన్నటిదాకా నా గుమ్మం అరగదీసిన అయిదుగురూ ఇప్పుడు రోడ్డుకి అవతలి పక్క నుంచి నడుస్తున్నారు. మల్లేశుని పిలిచి అడిగాను.

"అన్నున్నాయి గదా, తొందరేటి? దసరా బోనస్ ఒచ్చినాక సూద్దాం. అప్పటికి రేటు కూడా తగ్గిస్తారు గదా" అన్నాడు.

వస్తువు అదే, కోడి అదే. అప్పుడు రెండుంటే బంగారం, ఇప్పుడు వందుంటే పిడకలు. మనుషుల బుద్ధి మీద నాకు నమ్మకం పోయింది.

ఇల్లంతా పెట్టెలు. హాల్లో, మంచం కింద, దేవుడి గది ముందు. లహరి వాటి మధ్యలోంచి బడికి వెళ్ళి వాటి మధ్యలోంచి ఇంటికి వస్తోంది. సాయంత్రం ఒకటి విప్పి దానికిద్దామని తీశాను కూడా. అట్ట సగం చింపాను. అంతలో ఆలోచన వచ్చింది.

ఆగస్టు 2

అనుకున్నది అనుకున్నట్టు చేశాను. పట్టపగలు ఒక మినీలారీ పిలిపించి, వందా దాంట్లోకి ఎక్కించి, "వెనక్కి పంపిస్తన్నానండీ, ఈ తలనొప్పి మనకొద్దు" అని అందరికీ వినబడేలా చెప్పి, డ్రైవరు పక్కన కూర్చుని బజారు మధ్యలోంచి వెళ్ళాను. మల్లేశు చెయ్యి ఊపాడు. ఊరవతల టీ తాగాం. వాన పడి వీధులు ఖాళీ అయ్యాక వెనక సందులోంచి తెచ్చి దింపేశాం.

ఎక్కడ పెట్టాలి? పద్మ కూలర్ల తలుపులు తీసింది. ఒక్కో దాంట్లో అయిదేసి, కొలిచినట్టు పట్టాయి. చింతపండు ఇప్పుడు నా మంచం మీద ఉంది.

"అమ్మి, నీది నీకే ఉంది. కొన్నాళ్ళు ఆగాల" అన్నాను. "ఆడితే ఆటలో ఒచ్చే పాట వీధిలోకి వినిపిస్తాది. మన ఇంట్లో ఉన్నాయని తెలిసిపోతాది."

లహరి కూలర్ల వరస చూసింది, నన్ను చూసింది.

"అమ్మా, కంపెనీ ఓళ్ళు సేయటం నేదంట. నాన్నేటి సేస్తాడు పాపం" అని లోపలికి పోయింది.

ఎంత వెటకారం. పద్మ పోలిక.

ఆగస్టు 12

షాపు అద్దాల బీరువాలో రెండు పెట్టాను. రెండే. మల్లేశు వచ్చాడు. నేను పేపరు చదువుతున్నాను. వాడు గొంతు సవరించుకున్నాడు. నేను పేజీ తిప్పాను.

"అన్నీ పంపీసేరు గదా?"

"ఇవి రెండూ అట్ట చినిగినాయని ఉండిపోయినాయి. కంపెనీ మూసీసేరంట. ఇంక రావు."

వాడి మొహం చూడాలి. రేటు గురించి అడగనే లేదు. ఒకటి తనకి, ఒకటి మాచ్‌ఖండ్‌లో ఉన్న బావమరిదికి, రెండూ పట్టుకుపోయాడు. ఆ రోజు చింపిన అట్ట ఒక్కటే, రెండోది ఇవాళ చింపాను.

ఇంటికొచ్చి చెబితే పద్మ ఊరగాయ జాడీ తుడుస్తూ వింది. ఆడవాళ్ళకి వ్యాపారం తెలీదని రాసిన పేజీ దాని కంట పడకుండా చూసుకోవాలి.

సెప్టెంబరు 17

విశ్వకర్మ పూజ. మిల్లు మనుషులంతా కొత్త బట్టల్లో బజారు మీద పడ్డారు. బీరువాలో ఎప్పుడూ రెండే. అమ్ముడవగానే ఇంటికి భోజనానికి వెళతాను, సంచిలో మళ్ళీ రెండు తెస్తాను. రోజుకి నాలుగైదు సార్లు భోజనం చేస్తున్నానని ఎదురు షాపాయన ఆరోగ్యం అడిగాడు. కోరాపుట్ నుంచి వస్తున్నారు, మాచ్‌ఖండ్ నుంచి వస్తున్నారు. "లేవండీ" అనే మాటలో ఇంత రుచి ఉందని నాకు తెలీదు. ముందు లేవనాలి. వాళ్ళు మెట్లు దిగాక, "ఉండండి, మీరు కాబట్టి" అనాలి.

ఢిల్లీ ఆయన గురించి జూన్‌లో ఏదో రాశాను. ఆ పేజీ చింపేద్దామనుకున్నాను. తెలివైన మనిషి. ఎన్ని చేయాలో కాదు, ఎన్ని చేయకూడదో తెలిసినవాడే వ్యాపారి.

సెప్టెంబరు 25

పెరట్లో లహరి బట్టలు ఆరేస్తూ ఆ ఆట పాట కూనిరాగం తీస్తోంది. అదే, పుంజు బయల్దేరేటప్పుడు వచ్చేది. గోడ పక్కనుంచి మనుషులు నడుస్తున్నారు. "అమ్మి, ఆ పాట ఆపు" అన్నాను. ఆపేసింది. ఇంక ఏ పాటా పాడలేదు.

సాయంత్రం దానికి జిలేబీ తెచ్చాను. వాళ్ళమ్మ తింది.

అక్టోబరు 14

దసరా బోనస్ అయిపోయింది, కోళ్ళు అయిపోయాయి. కూలర్లు ఖాళీ. చింతపండు దాని చోటికి వెళ్ళింది, నేను నా మంచం మీదికి వచ్చాను.

అయిపోయాయంటే, ఒకటి ఉంది. లహరిది. తువ్వాలులో చుట్టి షాపు బీరువా వెనకాల పెట్టాను. దీపావళి నాడు దాని చేతికిస్తాను. ఇన్నాళ్ళ కోపం ఒక్క సాయంత్రంలో పోతుంది. ఆరో వంతెన దగ్గర నక్కని ఎలా దాటాలో కూడా ఆలోచించి పెట్టాను.

అక్టోబరు 22

ఒక ఇంజనీరు వచ్చి రెట్టింపు ఇస్తానన్నాడు. లేవన్నాను. నిజంగానే లేవన్నాను. రాత్రి... కాదు, అప్పుడే కాస్త బాధేసింది. కానీ ఇవ్వలేదు. ఇది రాసి పెట్టుకుంటున్నాను.

అక్టోబరు 29

ఎలా రాయాలో తెలీటం లేదు.

సెలవులు కదా, నేను భోజనానికి వెళ్తూ లహరిని షాపులో కూర్చోబెట్టాను. తిరిగొచ్చేసరికి అది గల్లాపెట్టె దగ్గర కాళ్ళు ఊపుతూ కూర్చుని ఉంది. నాలుగు నెలల తరవాత నా మొహంలోకి చూసి మాట్లాడింది.

"నాన్నా, ఆఖరిది అమ్మీసేను."

"ఏ ఆఖరిది?"

"తువ్వాల్లోది. ఆ ఇంజనీరు గారి భార్య వచ్చింది. ముందు లేవన్నాను. మెట్లు దిగినాక, ఉండండి, మీరు కాబట్టి అన్నాను. కంపెనీ మూసీసేరని కూడా సెప్పేను." డబ్బు నా చేతిలో పెట్టింది. "రేటు తగ్గించనేదు."

మాట మాటా నాదే. గొంతు కూడా నాదే. ఆ క్షణం నాకు గర్వంగా అనిపించింది, అది కూడా రాయాలి. తరవాత బీరువా వెనక చూశాను, తువ్వాలు ఒక్కటే ఉంది.

"అది నీకోసం ఉంచినాను గదా అమ్మి."

"నానేటి సేసుకోను? పుంజు ఒక్కర్తీ ఎలితే తెర జరగదు. పిల్ల ఎప్పుడూ షాపులోనే ఉంటాది గదా."

కోపంగా అనలేదు. ఫ్యానుకి మూడు రెక్కలుంటాయి అన్నట్టు అంది. అది ఇంటికి వెళ్ళాక ఆ డబ్బు గల్లాపెట్టెలో వేయబుద్ధి కాలేదు. అలా పట్టుకునే కూర్చున్నాను.

అక్టోబరు 30

దీపావళి. లహరి నాతో మాట్లాడింది. "పక్కకి జరుగు, నిప్పు పడతాది" అంది.

నవంబరు 3

సాహు బాబుకి ఫోన్ చేశాను. "ఒకటి, ఒక్కటే. కుకుడా బొమ్మది" అన్నాను. కోడి అన్న మాట నోట్లోంచి రాకుండా నాలుక పట్టుకున్నాను. పళ్ళు కొరుక్కుంటూ వేలు కూడా ఒకటి చూపించాను, ఫోనులో.

లేవట. కంపెనీ వాళ్ళు ఆ గేములు ఆపేసి ఎమర్జెన్సీ లైట్లు చేస్తున్నారట. నేను ఊరందరికీ చెప్పిన అబద్ధం నిజమైపోయింది.

ఇదేం కంపెనీ? ఇంకొక్కటి చేసి ఆపకూడదా? జూన్‌లో నేను రాసిందే సరైనది. ఆ పేజీ చింపకపోవడం మంచిదైంది.

నవంబరు 9

అమ్మినవాటిలో ఒకటి తిరిగి కొనుక్కుందామని బయల్దేరాను. ముందు మల్లేశు ఇంటికి.

"ఎంతిచ్చినా ఇవ్వను. మీరే గదా సెప్పేరు, ఇంక రావని" అన్నాడు. "రావుగారూ, మీరు నాకు సేసిన మేలు మరిచిపోను." టీ ఇచ్చాడు. తాగాను.

కకిరిగుమ్మ దాకా వెళ్ళాను. స్టేషన్ మాస్టరు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతుందట, పోతే మళ్ళీ దొరకదట. వాళ్ళ ఇద్దరు పిల్లలూ ఆ బీరువా పక్కన నేల మీద కూర్చుని అష్టాచెమ్మా ఆడుకుంటున్నారు. వాళ్ళని చూసి అక్కడ ఎక్కువసేపు కూర్చోలేకపోయాను.

వంద ఇళ్ళలో వంద ఉన్నాయి. ఒక్కటీ రాదు. అంత బాగా అమ్మాను.

ఇంటికొచ్చి పద్మకి చెప్పాను. ఈసారి మధ్యలో మాట్లాడలేదు. అంతా అయ్యాక, "కొనడానికే ఎందుకెల్లేరు? ఆడుకోడానికి ఎల్లండి. సూర్యం గారింట్లో ఆదివారం ఎవులొచ్చినా ఆడనిస్తారంట" అంది.

ఈ ముక్క మే నెలలోనే చెప్పి ఉండవచ్చు. అడిగితే, "సెప్పేను, మీరు వినేరేటి" అంది. డైరీలో వెతికాను. రాసి లేదు.

నవంబరు 16, ఆదివారం

షాపు తెరవలేదు. ఎదురు షాపాయన మళ్ళీ ఆరోగ్యం అడిగాడు.

"అమ్మిని అడుగు, జేకేపూర్ వస్తాదేమో" అని పద్మతో అనబోయి, నేరుగా లహరినే అడిగాను. వస్తానంది. స్కూటరు వెనక కూర్చుంది గానీ నన్ను పట్టుకోలేదు, సీటు పట్టుకుంది.

సూర్యం గారి హాలు నిండా పిల్లలు. ఆయన తల్లి చిలకమ్మ గారు టీవీ పక్కన కుర్చీ వేసుకుని వంతులు చూస్తున్నారు. ఆమె ఒక చింతగింజ పళ్ళెంలో వేస్తే ఒక వంతు అయినట్టు. ఆమె ముందు ఎవరి పప్పులూ ఉడకవు. సూర్యం గారు నన్ను చూసి, "ముందు ఆళ్ళని ఆడనీ అమ్మా, ఆ పెట్టె ఇచ్చిందే ఆయన" అన్నారు.

"ఇస్తే ఇచ్చేడు. ఎనక కూకోమను" అన్నారు చిలకమ్మ గారు.

పిల్లల వెనక చాప మీద కూర్చున్నాం. గుంటలు నన్ను చూసి గుసగుసలాడుకున్నారు, తాతగారు కూడా ఆడతారా అని. నాకింకా నలభై రెండే. చాలాసేపు కూర్చున్నాం. కాళ్ళు తిమ్మిరెక్కాయి. చిలకమ్మ గారు నా వైపు తిరిగి, "ఏటి బాబూ, ఇంతమంది గుంటలు ఏడుస్తుంటే ఆ కంపెనీ ఓళ్ళు ఇంకో నాలుగు సేస్తే ఏటి పోనాది?" అన్నారు.

లహరి మెల్లగా తల తిప్పి నన్ను చూసింది, ఏం చెబుతానో అని.

నాకు జూన్ పేజీ గుర్తొచ్చింది, సెప్టెంబరు పేజీ గుర్తొచ్చింది. రెండూ నావే.

"ఆళ్ళు సేసేరమ్మా. నానే దాసేసినాను" అన్నాను.

చిలకమ్మ గారికి అర్థం కాలేదు. వెటకారమనుకున్నారు. లహరి మాత్రం తల వంచుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని కంగారుపడ్డాను. నవ్వుతోంది.

మా వంతు వచ్చింది. రిమోటు తీసుకునే ముందు లహరి పెట్టె తిరగేసి చూసింది. అడుగున స్కెచ్ పెన్నుతో చిన్న అక్షరాలు ఉన్నాయి. లహరి, పుంజు. దాని కింద, నాన్న, పిల్ల. ఎప్పుడు రాసుకుందో నాకు తెలీదు. మే నెలలో నేనే సంచిలో పెట్టి ఇచ్చాను, తిరగేసి చూడలేదు. అది పెట్టెని మళ్ళీ మామూలుగా పెట్టేసి, రెండో రిమోటు నా ఒళ్ళో పెట్టింది.

అయిదు వంతెనలూ అది నన్ను లాక్కుపోయింది. ఆరోదాని దగ్గర నక్క వచ్చింది. నేను ఇన్ని నెలలు ఆలోచించి పెట్టుకున్న ఉపాయం మర్చిపోయి ఏదో బొత్తాం నొక్కాను. పిల్ల గంతు వేయాల్సింది కూలబడిపోయింది. పుంజు అప్పటికే వంతెన మధ్యలో ఉంది. వెనక నుంచి గుంటలంతా, "ఎల్లిపో అక్కా, ఎల్లిపో, నక్క ఒచ్చెస్తాది" అని అరుస్తున్నారు.

లహరి బొత్తాం మీంచి వేలు తీసేసింది. పుంజు ఆగింది.

"రా నాన్నా, తొందర నేదు" అంది.